మరలిరాని విమానము: వాక్యవిచారము

రాత్రివేళ శత్రుదేశముపై బాంబులు వేయబోయి మరలిరాని విమానమును గూర్చి లోకమున నాలుగు విధములైన వాక్యములు వెలసినవి. మొదటిది దాత పలికించునది. విమానపు ప్రక్కను వ్రాయబడునది. రెండవది ప్రభుత్వము పలుకునది. మరునాటి ప్రకటనలో వచ్చునది. మూడవది భటుని యింటికి చేరు తంతివార్త. నాలుగవది శిలపై చెక్కబడునది. సంఘటన యొక్కటియే, వాక్యములు నాలుగు. వీనిలో కర్త యెవడు, కర్మ యేది, ఎవరి పేరు వినబడుచున్నది, ఎవరి పేరు వినబడకున్నది అని విచారించుట వ్యాకరణమునకే గాక సాహిత్యవిమర్శకును విధియే. ఏలయన మృతులను గూర్చిన వాక్యమున కారకము తప్పినచో ఆ తప్పు భాషతో నాగదు. ధర్మమును గూడ నంటును.

ఇంగ్లండునుండి లేచి జర్మనీపై కూలిన విమానములతో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమకు సంబంధమేమని శంక కలుగవచ్చును. సంబంధము పేరులోనే కలదు. 1917 నవంబరు 1వ తేదీని ఇంగ్లండులో నేర్పడిన 110వ వైమానికదళమునకు విమానములు కొనుటకు ధనమిచ్చినవాడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను. ఆ హేతువుచే దానికి హైదరాబాదు దళమని పేరు వచ్చినది. రెండవ మహాయుద్ధమున 152, 253 సంఖ్యలు గల దళములును ఆ పేరునే ధరించినవి. కాని యవి శత్రువిమానముల నెదుర్చు దళములు, 110వది బాంబులు వేయు దళము. ఆ కాలమున ఈ మూడూళ్లును నిజాము రాష్ట్రమందలి కరీంనగరు జిల్లాలోనివి. (2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల అను జిల్లాలు వేరుపడినవి, కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది.) నాటి రాష్ట్రపు రాబడిలో ప్రధానమైనది భూమిశిస్తు. దానము ఏ ఖజానా నుండి వెడలినను దాని మూలము మడిలోనే యున్నది. పేరు రాజుది, ధనము పంటది, ప్రాణములు పరదేశపు యువకులవి. ఈ మూడింటి సంబంధమును ఏ వాక్యము సరిగా చెప్పగలదన్నదే ఇట ప్రశ్న.

దళచరిత్రలో ఆవశ్యకమైనంత మాత్రము చెప్పబడును. డి.హెచ్.9ఎ అను జాతి విమానములతో ఆ దళము 1918 సెప్టెంబరు నాటికి ఫ్రాన్సు చేరి జర్మను పట్టణములపై దాడులు సాగించెను. అవి పగటి దాడులు. అక్టోబరు 21వ తేదీనాటి యొక్క దాడిలోనే 7 విమానములు నష్టమైనవి. రెండవ యుద్ధమున ఇంగ్లండు ప్రవేశించిన మరునాడే, అనగా 1939 సెప్టెంబరు 4న, జర్మను యుద్ధనౌకలపై జరిగిన మొదటి దాడిలో ఈ దళమే ముందుండెను; నాడు దీని విమానమొకటి కూలినది, తోడుగా వచ్చిన 107వ దళపు విమానములైదింట నాలుగు కూలినవి. అప్పటి విమానములు బ్లెనీములు. ఒక్కొక్కదానిలో మువ్వురు, నడుపువాడొకడు, దారి చూచి బాంబులు విడుచువాడొకడు, వైర్‌లెస్సును తుపాకిని కనిపెట్టువాడొకడు. పగటి నష్టములు మితిమీరగా 1940లో బ్లెనీములు రాత్రులందును పంపబడసాగినవి. ఇంగ్లండుపై దండెత్తుటకై శత్రువు రేవులలో కూర్చిన పడవలు నాటి గురి. 1942లో ఈ దళము తూర్పునకు మరలింపబడి, పిమ్మట వెంజెన్సు విమానములతో బర్మా సరిహద్దున పోరాడెను. పేరిచ్చిన దేశమునకు దళము వచ్చునప్పటికి ఆ పేరు మోసి చచ్చినవారు పెక్కండ్రు ఉత్తరసముద్రపు టడుగున నుండిరి.

ఇక మొదటి వాక్యము. 1918 నాటి ఆ విమానములపై ఇది హైదరాబాదు నిజామువారిచే నొసగబడినదను నర్థముగల లేఖనముండెడిది. అట్టిదానిలో ఎఫ్1010 అను సంఖ్యగల విమానము అక్టోబరు 5వ తేదీ దాడిలో శత్రువులకు చిక్కెను. అందలి యిద్దరును బందీలైరి. విమానము బెర్లినులో ప్రదర్శనకుంచబడి, రెండవ యుద్ధానంతరము పోలండు దేశపు క్రాకో నగరమున నుండి, 1977లో ఇంగ్లండునకు మరలివచ్చి అచటి వైమానిక ప్రదర్శనశాలలో నిలుపబడినది. లేఖనము వ్యాకరణరీత్యా నిర్దుష్టము: దానక్రియకు కర్త నిజామే. కాని దానమొకటి, యుద్ధమొకటి. లేఖనము మొదటి క్రియను మాత్రమే చెప్పి, రెండవ క్రియ జరుగు వస్తువుపై నిలిచియుండుటచే చూచువానికి దాతయే యోధుడన్న స్ఫురణ కలుగును.

ఈ సీమకు ఇట్టి పద్ధతి క్రొత్త కాదు. నేటి సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ రాజధానిగా నేలిన చాళుక్య అరికేసరి ఆస్థానమున పంపకవి 941లో విక్రమార్జునవిజయమును కన్నడమున రచించి, తన ప్రభువును అర్జునునితో అభేదముగా కీర్తించెను. పోషకుని పేరు పరాక్రమమునకు పూయుట కవిసంప్రదాయమే. ఐనను భేదమొకటి గమనింపవలెను. అరికేసరి స్వయముగా కత్తిపట్టిన రాజు. అతనియందు అర్జునత్వము ఆరోపితమే ఐనను ఆరోపమునకు ఆధారము కలదు. హైదరాబాదు దళమున పేరునకును ప్రాణమునకును మధ్య సముద్రములున్నవి. కావున అచట ఆరోపము అలంకారము కాజాలదు. వాక్యమందలి లోటును కప్పిపుచ్చు ఆచ్ఛాదనమగును.

రెండవ వాక్యము ప్రభుత్వప్రకటన. రాత్రి యెందరు పోయిరని అది చెప్పదు. మన విమానములిన్ని తిరిగిరాలేదని చెప్పును. ఆ వాడుక ఎంత వ్యాప్తమయ్యెననగా, మన విమానమొకటి కనబడుటలేదను నర్థము గల పేరుతోనే 1942లో ఆంగ్లచలనచిత్రమొకటి వెలువడెను. ఇందు కర్త యంత్రము. తిరిగిరాకుండుట దాని వ్యాపారము. లోపలివారు కర్తలు కారు, కర్మయును కారు. అధికరణమున ఆధేయముగానైన పేర్కొనబడరు. పెద్దది లాంకాస్టరు విమానమున ఏడుగురుందురు: నడుపువాడు, ఇంజనీరు, దారి లెక్కించువాడు, బాంబు విడుచువాడు, వైర్‌లెస్సువాడు, నడుమను తోకను తుపాకులు పట్టువారిద్దరు. ప్రకటనలో ఒకటి అను సంఖ్య ఈ ఏడుగురిని మ్రింగుచున్నది. 1944 మార్చి 30వ తేదీ రాత్రి న్యూరెంబర్గుపైకి 795 విమానములు వెడలగా 95 మరలిరాలేదు. తొంబదియైదని చదువుట సులభము. తొంబదియైదును ఏడుచే గుణించి చదువుట కష్టము. ఆ కష్టమును చదువరికి తప్పించుటయే ప్రకటన నిర్మాణము.

మూడవ వాక్యమే మిక్కిలి విచారణీయము. భటుని తల్లికో భార్యకో వచ్చు తంతిలో మరణమన్న మాట యుండదు, కనబడుటలేదని మాత్రముండును. పండితులకు ఇట పాణిని లోపమునకు చెప్పిన లక్షణము స్మృతికి రాకమానదు. లోపమన నాశము కాదు, కనబడకుండుట. అదియు ఊరక కనబడకుండుట గాదు. ఉండవలసినది, రావలసినది, కనబడకుండుటయని వ్యాఖ్యాతలు స్పష్టపరచిరి. అచటికి రానవసరము లేనిది రాకున్నచో దానిని లోపమనరు. వైమానికస్థావరములలో గోడపై నల్లపలక యొకటి యుండెడిది. విమానపు గుర్తు, నాయకుని పేరు, బయలుదేరిన వేళ, దిగిన వేళ అని దానిలో గడులు. పెట్రోలు ఎన్ని గంటలకు సరిపోవునో లెక్క యుండును. ఆ గంటలు దాటినపిదప దిగిన వేళ అను గడి ఖాళీగా మిగిలినచో అదియే లోపము. పూరింపబడవలసిన గడి గనుకనే ఆ ఖాళీకి అర్థమున్నది.

తెలుగున దీనికి మాటలేవి? పత్రికలవారు గల్లంతు అనుచున్నారు. కలకలము, గందరగోళము అనుటకు చెల్లు ఆ పదమును మనిషి జాడ లేకుండుటకు వాడుటచే పోయినవాని నిశ్శబ్దమునకు చప్పుడు తగిలింపబడినది. ఆచూకి లేదనుట కొంత మేలు. అందు వెదకుట ధ్వనించును. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల జనులు పత్తా లేదందురు. పత్తా యన ఉర్దూనుండి వచ్చిన మాట. చిరునామా, జాడ యని దాని యర్థము. మనిషి పోయెనని గాక, మనిషిని చేరు దారి పోయెనని అది చెప్పుచున్నది. పండితులు పామరపదమని త్రోసిపుచ్చునది, లోపలక్షణమునకు గ్రంథస్థపదములకంటె దగ్గరగా నున్నది.

లోపమున మరియొక విశేషము కలదు. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునని శాస్త్రము. అగ్నిచిత్ అను శబ్దమున చి ధాతువుపై చేరిన క్విప్ ప్రత్యయము సర్వము లోపించును. దానిదగు వర్ణమొక్కటియు మిగులదు. ఐనను దాని నిమిత్తముగా వచ్చిన తకారము నిలిచి, ఇట నొకడుండెనని సాక్ష్యమిచ్చును. లుక్ అను పేరుతో విధింపబడిన అదర్శనము అట్టిది కాదు. అందు ప్రత్యయముతోపాటు అంగమునకు అది కలిగించిన మార్పును పోవును. గార్గ్యుడు ఒక్కడైనపుడు ఆదివృద్ధి కనబడును. పెక్కురైనపుడు ప్రత్యయము లుక్కై గర్గాః అనియే యగును, వృద్ధి పోవును. ఏకవచనమున నిలిచిన చిహ్నము బహువచనమున చెరిగిపోవుచున్నది. రాత్రి దాడుల మృతుల విషయమున జరిగినదియు నిదియే. ఒక్క యింట ఒక్క యువకుడు పోయినచో ఆ యింటి నడవడియంతయు మారును. బ్రిటిషు బాంబరు దళములో పోయినవారు మొత్తము 55,573 మంది యని చదువునపుడు ఆ మార్పు వినబడదు. మృతులను గూర్చి వ్రాయువాడు లోపమార్గమున పోవలెనా, లుఙ్మార్గమున పోవలెనా యన్నదే విమర్శకుడు అడుగవలసిన మొదటి ప్రశ్న.

నాలుగవ వాక్యము శిలాక్షరము. లండనునకు చేరువ రన్నీమీడు కొండపై 1953లో ఆవిష్కృతమైన వైమానిక స్మారకమున, సమాధి తెలియని 20,000కు మించిన వైమానికుల పేర్లు చెక్కబడినవి. యుద్ధానంతరము అన్వేషకులు యూరపున పల్లెపల్లె తిరిగి, కూలినచోట్లు త్రవ్వించి, ఉంగరమును బట్టియు బట్టమీది గుర్తును బట్టియు అనేకులను పోల్చిరి. అప్పటికిని దొరకనివారి పేర్లివి. ఇందు క్రియాపదము లేదు. పేరొక్కటియే వాక్యము. దాతయు లేడు, యంత్రమును లేదు. నాలుగింటిలో నిదియే ఉత్తమమని చెప్పవలసియున్నది. ఇది అగ్నిచిత్తునందలి తకారము వంటిది.

ఉత్తమమైనను సంపూర్ణము కాదు. నాలుగు వాక్యములందును ఒక పక్షము మాత్రమే కలదు. బాంబు ఎచటినుండి పడెనో ఆ వైపే మాటలాడుచున్నది; ఎవరిపై పడెనో ఆ వైపు నోరెత్తుటలేదు. ఇట వ్యాసుడు చూపిన న్యాయము స్మరింపదగినది. తిక్కన తెనిగించిన సౌప్తికపర్వమున రాత్రి దాడి యొక్కటియే, వార్తాహరులు మాత్రము రెండు వైపుల నుందురు. దాడిచేసిన అశ్వత్థామ తొడలు విరిగిపడియున్న దుర్యోధనునికి విజయవార్త చెప్పును. దాడిలో తప్పించుకొన్న ధృష్టద్యుమ్నుని సారథి ధర్మరాజునకు మరణవార్త చెప్పును. ఒక రాత్రికి రెండు నివేదికలు. మొదటిది వినినవాడు సంతోషించి ప్రాణము విడిచెను. రెండవది వినినవాడు గెలిచియు కుప్పగూలెను. రెండవ నివేదికయే లేకున్నచో ఆ పర్వము వీరగాథగా నుండెడిది, ఉండుటచేతనే ఇతిహాసమైనది.

ఇంతమాత్రమున విమానభటులను అశ్వత్థామతో సమానులని చెప్పుట అన్యాయమను నాక్షేపము రావచ్చును. ఆక్షేపము సరియే. అశ్వత్థామ తానే సంకల్పించి, తానే వెడలి, నిద్రితులను చంపినవాడు. వైమానికులు స్వేచ్ఛగా కొలువులో చేరినవారే యైనను గురి నిర్ణయించినవారు కారు, వారు ప్రయోజ్యకర్తలు. వేయువాడు వేరు, వేయించువాడు వేరు. పైగా, తాము వేయుచున్నపుడే తామును దగ్ధమగుచుండిరి. కాని ప్రయోజ్యుని కర్తృత్వము తగ్గినంతమాత్రమున కర్మకారకము మాసిపోదు. 1943 జూలై చివర హాంబర్గు నగరమున ముప్పదివేలకు మించిన జనులు మరణించిరి. తెలుగుదేశమునకును ఈ కర్మకారకపు రుచి కొంత తెలియును: 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. తల పైకెత్తి చూచినవారి భాషయు, తల వంచి చూచినవారి భాషయు ఒక్కచోట కలిసినగాని ఈ విషయమున సత్యవాక్యము పుట్టదు.

పాశ్చాత్యకవులలో ఈ చిక్కును ఎరిగినవారు లేకపోలేదు. ఐర్లండు కవి యేట్సు 1918లో మరణించిన వైమానికమిత్రుని నిమిత్తముగా వ్రాసిన పద్యమున, శత్రువుపై ద్వేషమును, తాను కాచువారిపై ప్రేమయు లేని యోధుని చూపెను. పరాయి రాజునకై పోరువాని మనఃస్థితి యది. అమెరికను కవి రాండల్ జారెల్ 1945లో ఐదే పంక్తులలో విమానపు కడుపున తుపాకి పట్టినవాని చావును చెప్పి, చచ్చినవానిచేతనే ఉత్తమపురుషలో పలికించెను. ప్రకటనలో ఏ కారకమునకును నోచుకొననివాడు అచట నేను అనుచున్నాడు. ఈ మార్పు అలంకారము కాదు; కారకమును సరిదిద్దుట. తెలుగున శ్రీశ్రీ దేశచరిత్రలను గూర్చి వ్రాసిన గీతమున రాజుల పేర్ల వెనుక నణగిన అనామకులను వెదకుమనెను. ఆ ప్రశ్నను హైదరాబాదు దళమునకు అన్వయించినచో నిజాము పేరు వెనుక రెండు వరుసలు కనబడును: శిస్తు కట్టిన రైతు వరుస యొకటి, ప్రాణమిచ్చిన పరదేశి వరుస యొకటి. ఒకరినొకరెరుగరు. ఇరువురి పేర్లును ఆ లేఖనమున లేవు.

తెలంగాణమున పొలముల గట్లపై వీరగల్లులు తరచుగా కనబడును. క్రింద పోరు, నడుమ అప్సరసలు కొనిపోవుట, పైన శివసాన్నిధ్యము. ఆ శిల్పమునకు శవము కావలెను, చూచినవాడు కావలెను, పడినచోటు కావలెను. రాత్రి ఆకాశమున పోయినవానికి ఈ మూడును లేవు. కావున విమానభటునిపై వీరస్వర్గాది పదములు గుప్పించు రచన ఎంత ప్రౌఢమైనను దొంగసాక్ష్యమే. ధర్మశాస్త్రములు ఇంతకంటె నిజాయితీ చూపినవి. జాడ తెలియనివానికై పన్నెండేండ్లు ఎదురుచూడుమని, అటుపిమ్మట మోదుగ కాడలతో ప్రతిమ కూర్చి దహింపుమని విధించినవి. శవము దొరికెనని అవి నటింపవు. దొరకలేదని ఒప్పుకొని, ఐనను క్రియ విడువవు. స్త్రీపర్వమున ధర్మరాజు బంధువులు లేని కళేబరములకును సంస్కారము చేయించుట ఇట్టిదే. పిదప గంగాతీరమున వ్యాసుడు ఒక్కరాత్రికి మృతులను లేపి చూపుట, ఎంత యద్భుతమైనను, అదర్శనమునకు దర్శనమును కోరు మాతృహృదయపు ప్రార్థన మాత్రమే.

ఈ విచారము పాతయుద్ధముతో ముగియునదియు కాదు. కొన్ని దశాబ్దములుగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది జనులు గల్ఫుదేశములకు కూలికి పోవుచున్నారు. కొందరి దేహములు పెట్టెలలో ఇల్లు చేరును. అందుకై యింటివారు వారములు, నెలలు కాచియుందురు. కొందరి పత్తాయే యుండదు. అట్టివాని భార్య మాంగల్యము తీయవలెనా, ఉంచుకొనవలెనా? తండ్రి తద్దినము పెట్టవలెనా? చట్టము ఏడేండ్లు వినబడనివానిని మృతుడని యూహించుటకు అనుమతించును. ఆ ఏడేండ్లు ఆ యింటివారు ఏ మాటతో బ్రతుకవలెను? చనిపోయెననుట తొందరపాటు, వచ్చుననుట మోసము. లోపమును లోపమని చెప్పగల మాట భాషకు నాడు ఎంత యావశ్యకమో నేడును అంతే. ఆ తంతి నందుకొన్న ఆంగ్లమాతకును, ఫోను మ్రోగక కూర్చున్న కోరుట్ల యిల్లాలికిని మధ్య భేదములెన్నియైనను, ఇరువురును ఖాళీగడి యెదుట కూర్చున్నవారే.

కావున నిర్ణయమిది. దాతృవాక్యము దానమునకు మాత్రమే ప్రమాణము. ప్రకటనవాక్యము యంత్రమునకు మాత్రమే ప్రమాణము. తంతివాక్యము సత్యమే కాని అసమాప్తము. శిలావాక్యము సమాప్తమే కాని ఏకపక్షము. ఈ విషయమున తెలుగు కావ్యము వ్రాయబూనువాడు అయిదవ వాక్యమును నిర్మింపవలెను. దానిలో పంపినవాడు ప్రయోజకుడుగను, పోయినవాడు కర్తగను, క్రింద కాలినవాడు కర్మగను స్పష్టముగా నుండవలెను. శిస్తు చెల్లించినవాడు కరణమని మరువరాదు. మరలిరానివానికి స్వర్గమును గాని శాపమును గాని త్వరపడి యీయక, అతడు రావలసియుండి రాలేదను నంశమును చెడకుండ నిలుపవలెను. అంతకు మించి పోయినవారికి భాష చేయగల యుపకారము లేదు. అంతకు తక్కువ చేయుట తగదు.